లెక్కలో లేని రోజు

ప్రయాణానికి సంచీ సర్దుతున్న మనిషి ముఖం చూస్తే ఏమీ తెలియదు, చేతులు చూడాలి. మనసు లేని చేతులు మడిచిన చొక్కానే మళ్ళీ విప్పి మడుస్తాయి. ఆ పొద్దున చమురన్న భార్య చేతులు అలా లేవు. రెండు జతల పని బట్టలు, తువ్వాలు, గోళ్ళలో మసి వదిలించుకునే చిన్న బ్రష్షు, దగ్గు మందు చకచకా సంచీలోకి వెళ్ళిపోతున్నాయి. పైగా ఏదో కూనిరాగం. మంచం అంచున కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటున్న చమురన్నకు ఆ రాగం వినాలంటే భయంగా ఉంది. ఆపమనడానికీ భయంగానే ఉంది.

"ఇంకా రాలేదా?" అన్నాడు తల ఎత్తకుండా.

"రాలేదు."

"ఒకవేళ సాయంత్రానికి గాని..."

"మీ నోట ఒక్క మంచి మాట రాదు కదా. ఆ బూట్లేవో తొడుక్కోండి ముందు," అని నవ్వింది.

చమురన్న అసలు పేరు ఎవరికీ అక్కర్లేదు. నది సముద్రంలో కలిసే చోట ఇసుక తవ్వే డ్రెడ్జరు మీద పంపులకు చమురు పోయడం అతని పని. ఓడలు లోపలికి రావాలంటే నీటి దారి లోతుగా ఉండాలి. వాళ్ళు తవ్వుతూ ఉంటారు, నది పూడుస్తూ ఉంటుంది. రెండు వారాలు నీటి మీద, రెండు వారాలు ఇంట్లో. పెళ్ళయినప్పటి నుంచీ అదే డ్యూటీ, అదే వరస.

పెళ్ళయినప్పటి నుంచీ ఇంకో వరస కూడా ఉంది. అతను సంచీ సర్దుకునే రోజు, కాస్త ఇటూ అటూగా, ఆమె బయట చేరే రోజు. భర్త వెళ్ళిపోతున్నాడన్న దిగులు, ఈ నెల కూడా లేదన్న దిగులు ఒక్కసారే వచ్చి కూర్చునేవి. ఏ దిగులుకు ఏడుస్తోందో ఆమెకే తెలిసేది కాదు. అతనికి అసలే తెలిసేది కాదు.

ఏడాది కిందట ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. పరీక్షలన్నీ చేశారు. ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదన్నారు. అప్పుడు నర్సమ్మ ఒకామె కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. బయట చేరిన రోజు నుంచి సుమారు రెండు వారాలకు అండం విడుదలవుతుంది. అది బతికేది ఒక్కరోజు. మగవాడి కణాలు నాలుగైదు రోజులు బతుకుతాయి. కాబట్టి అండం విడుదలకు ముందు ఆ నాలుగైదు రోజులు, ఆ ఒక్కరోజు, అవే పంట రోజులు.

"మీ ఆయన ఇంట్లో ఉండేదెప్పుడమ్మా?" అని అడిగింది.

ఆమె చెప్పింది. నర్సమ్మ కళ్ళజోడు తీసి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"దీపం ఆరాక నూనె తెస్తున్నాడు మీ ఆయన," అంది.

ఆమె నెలా, అతని డ్యూటీ ఒకే కొలతలో తిరిగే రెండు చక్రాలు. ఒకదాని వెనక ఒకటి పరుగెత్తుతాయి, కలుసుకోవు. నర్సమ్మ ఇంకా ఏదో చెప్పబోతుంటే చమురన్న అప్పటికే వేళ్ళ మీద లెక్కలోకి దిగిపోయాడు. ఏ పంపుకి ఎన్ని గంటలకోసారి చమురు పొయ్యాలో తెలిసిన మనిషి. ఒళ్ళు కూడా పంపులాగే నడుస్తుందని అతని నమ్మకం.

ఆ తర్వాత డ్యూటీ మార్చమని డ్రెడ్జరు పనివాళ్ళ పెద్ద సరంగు వెంట పడ్డాడు. "నీ సంసారం కోసం నిన్ను మారిస్తే రేపు ఇంకొకడు బావమరిది పెళ్ళని వస్తాడు. సముద్రానికి నేనేం సర్దిచెప్పుకోను?" అన్నాడు సరంగు. చివరికి వానలు వెళ్ళాక చూద్దామన్నాడు. పంపుల దగ్గరా, భోజనాల దగ్గరా చమురన్న ఈ గోడు అందరికీ వినిపించాడు. డ్రెడ్జరు మీద పెళ్ళికాని వాళ్ళకు కూడా పంట రోజుల లెక్క కంఠతా వచ్చింది.

అలాంటిది, ఇవాళ సంచీ సర్దే రోజు వచ్చింది గాని రావలసిన ఆ రెండో చుట్టం రాలేదు. నిన్ననే రావాలి.

"ఎదురుచూస్తూ ఉంటాను," అన్నాడు గుమ్మంలో.

"చూడండి. నేనెక్కడికీ పోను," అంది ఆమె.

*

డ్రెడ్జరు మీద ఫోను అందేది వెనకవైపు క్రేను పక్కన ఒక్కచోటే. డ్యూటీ సగం దాటాక ఒక మధ్యాహ్నం అక్కడ నిలబడి ఉండగా మోగింది.

"ఏవండీ, రెండు గీతలొచ్చాయి."

"ఏం గీతలు?"

"మీ తలరాత గీతలు. ఇంట్లో పరీక్ష చేసుకున్నా. ఒకటి వస్తే లేనట్టు, రెండొస్తే ఉన్నట్టు. రెండొచ్చాయి."

చమురన్న తాళ్ళ చుట్ట మీద కూలబడ్డాడు. ఏం మాట్లాడాడో గుర్తులేదు. ఏడుస్తున్నారా అని ఆమె అడిగితే గాలి కళ్ళలో కొడుతోందన్నాడు. గాలి లేదు.

కబురు వంటగదికి చేరింది. వంటవాణ్ణి అందరూ పంచాంగం అంటారు, ఎవరి డ్యూటీ ఎప్పుడో, ఎవరి పిల్లల పరీక్షలెప్పుడో వాడికి నోటికి ఉంటాయని. పాలు ధారాళంగా పోసి అందరికీ టీ పెట్టాడు.

"మొత్తానికి చమురన్న పంపు పనిచేసిందిరోయ్," అన్నాడు తాళ్ళు చుట్టే వించి దగ్గర ఉండే బక్కాయన.

"పని చెయ్యకేం? చమురంతా వాడి దగ్గరేగా ఉంది," అన్నాడు సరంగు కూడా. సరంగు జోకు వెయ్యగా అందరూ వినడం అదే మొదటిసారి.

చమురన్న సిగ్గుతో టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ సుఖం ఆ గ్లాసు చల్లారేదాకా నిలిచింది.

"ఉండండి, పురుడు టయానికి వీడు ఒడ్డున ఉంటాడో నీళ్ళ మీద ఉంటాడో చెప్తా," అని పంచాంగం వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. ముందుకు లెక్కపెట్టే ముందు వెనక్కి లెక్కపెట్టాడు. పెడుతూ పెడుతూ ఆగాడు.

"అదేమిటి చమురన్నా. నువ్వు చెప్పిన లెక్క ప్రకారం పంట రోజులంటే... మన ఇసుక కోసే కట్టరు పళ్ళు విరిగి పని ఆగిన వారం కదూ? నువ్విక్కడే ఉన్నావు కదా, రాత్రింబగళ్ళు పంపు విప్పుతూ..."

మాట నోట్లో ఉండగానే పంచాంగానికి అర్థమైంది. ముఖం మాడిపోయింది.

"నా లెక్కలకేంలే. కూరలో ఉప్పే సరిగ్గా వెయ్యలేను నేను," అని గిన్నెలు కడగడానికి లేచాడు. బక్కాయన ఉన్నట్టుండి వాతావరణం గురించి మాట్లాడాడు. అందరూ వాతావరణం గురించి మాట్లాడారు. అంతకంటే తిట్టినా బాగుండేది.

అనుమానం పెనుభూతం అంటారు పెద్దలు. చమురన్నకు అది భూతంలా రాలేదు, ఇసుకలా వచ్చింది. తన భార్య అలాంటిది కాదు అని పగలంతా తవ్విపోసేవాడు. లేచి చూస్తే మళ్ళీ అదే మేట, అంతే ఎత్తున. వేళ్ళు మడిచేవాడు, విప్పేవాడు. లెక్క మారేది కాదు.

*

ఇంటికి వచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది. ముఖం కాస్త పీక్కుపోయింది, కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి. సంచీ అందుకుంది. అతను నవ్వాడు. నవ్వుతూనే ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూశాడు.

ఇల్లు ఇల్లుగానే ఉంది. ముందు గది, వంటగది, పడకగది. పడకగది కిటికీకి మందపాటి ముదురు నీలం పరదా. పోయినసారి వచ్చినప్పుడు దాన్ని చూసి బాగుందన్నాడు. ఆమె పరదాలు కుట్టే షాపులో పనిచేస్తుంది, ఎక్కడో మిగిలిన గుడ్డ తెచ్చుకుందనుకున్నాడు. ఈసారి దాన్ని పక్కకు లాగి చూశాడు. కిటికీ చెక్క మీద పైన ఒకటి, కింద ఒకటి, సన్నటి పెన్సిలు గీతలు.

భోజనం దగ్గర అడిగాడు.

"ఆ పరదాకి కొలత ఎవరు తీసుకున్నారు?"

"మా షాపు కొలతలాయన. ఇంకెవరు తీసుకుంటారు?"

"ఎప్పుడు?"

"అప్పుడు నాకు జ్వరమొచ్చింది కదా, మీరు అక్కడుండగా. వెలుతురు చూస్తే కళ్ళు పీకేస్తున్నాయంటే షాపు అమ్మగారు పంపారు. ఫోన్లో చెప్పాగా."

"జ్వరమని చెప్పావు. కొలతలాయన వచ్చాడని చెప్పలేదు."

"పాలబ్బాయి కూడా వచ్చాడు. అదీ చెప్పలేదు," అని ఇంకాస్త కూర వడ్డించింది.

ఆమె తేలిగ్గా అంది. అతనికి ఆ తేలికే బరువైంది. అప్పటి నుంచి ఇల్లంతా వెతుకులాటే. వంటగదిలో రెండు టీ కప్పులు బోర్లించి ఉంటే రెండోది ఎవరిది అనుకున్నాడు. అది పొద్దున తను తాగిందే. ఆమె వేరే ఊళ్ళో ఉన్న అక్కతో ఫోన్లో నవ్వితే తలుపు పక్కన నిలబడ్డాడు. ఆవిడ కూతురి చెప్పులు కుక్క ఎత్తుకుపోయిన సంగతి అది. ఆమె పనికి వెళ్ళినప్పుడు టేపు తీసి కిటికీ తనే కొలిచాడు. పెన్సిలు గీతలు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోయాయి. తప్పుగా ఉంటే, వచ్చినవాడి ధ్యాస కిటికీ మీద లేదని అనుమానించేవాడు. సరిగ్గా ఉండేసరికి, అబ్బో, ఎంత తీరిగ్గా కొలిచాడో అని అనుమానించాడు.

ఆమె కనిపెట్టలేదని కాదు. మూడో రోజో నాలుగో రోజో, అన్నం తింటూ అడిగింది.

"మీకు సంతోషంగా లేదా?"

"ఎందుకు లేదు?"

"నన్ను చూస్తున్నారు, మాట్లాడటం లేదు."

"పని అలసట," అన్నాడు.  ఆ రోజు నుంచి ఆమె కూనిరాగం తీయడం మానేసింది.

*

మర్నాడు చమురన్న పరదాల షాపుకి వెళ్ళాడు. ఊరికే చూసి వద్దామనే వెళ్ళాడని తర్వాత అందరికీ చెప్పుకున్నాడు. ఊరికే వెళ్ళేవాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళడు.

పొడవాటి గది. ఒకవైపు వరసగా కుట్టుమిషన్లు, మధ్యలో గుడ్డ పరిచి కత్తిరించే బల్ల, గోడ నిండా గుడ్డ తానులు. ఆమె చివరి మిషను దగ్గర ఉంది, అంచు కుడుతూ తల ఎత్తలేదు. బల్ల దగ్గర కొలతలాయన. మెడలో టేపు, చెవి మీద పెన్సిలు. పొడుగ్గా ఉంటాడని, మీసం ఉంటుందని ఎందుకో చమురన్న అనుకున్నాడు. మనిషి బక్కపలచగా, నడుం వంగి, దగ్గుతూ ఉన్నాడు. షాపులో ఆడవాళ్ళందరికీ బాబాయి.

"రా అల్లుడూ, రా," అన్నాడు. "మా అమ్మాయి మంచి కబురు చెప్పింది. నోరు తీపి చెయ్యకుండానే వచ్చావా?"

ఎవరైనా నవ్వి ఊరుకునే మాట. చమురన్న చెవిలో మాత్రం ఒక్క ముక్కే పడింది.

"నీకెప్పుడు చెప్పింది?"

"నాకేమిటి, షాపంతటికీ చెప్పింది. రెండు రోజులు మిషన్లు నడిస్తే ఒట్టు."

"మా పడకగదిలో ఎంతసేపున్నావు నువ్వు?"

కుట్టుమిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. చివరిది కూడా ఆగింది. కొలతలాయన చెవి మీది పెన్సిలు తీసి, దాన్ని ఒకసారి చూసి, మళ్ళీ చెవి మీదే పెట్టుకున్నాడు.

"కిటికీ కొలిచేంతసేపు," అన్నాడు. "మంచం మీద మీ ఆవిడ మూలుగుతోంది. పక్కన మా అమ్మగారు తడిగుడ్డ వేస్తున్నారు. ఇంకేమైనా అడగాలా నాయనా?"

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే చమురన్నకు ఒక దారి దొరికేది. షాపు అమ్మగారు లెక్కల బల్ల వెనక నుంచి లేచి నిలబడింది. అంతమంది ఆడవాళ్ళు అతన్ని చూడటం లేదు, చివరి మిషను దగ్గరి మనిషిని చూస్తున్నారు. ఆమె కుడుతున్న గుడ్డ మడత పెట్టి, సూది పైకెత్తి, టిఫిను డబ్బా తీసుకుని, అతని పక్క నుంచే నడిచి బయటకు వెళ్ళింది.

ఆమె వెనకే అతనూ ఇంటికి నడిచాడు. చేరాక చెప్పులు విప్పి, ఒక గ్లాసు నీళ్ళు తాగి, ఎదురుగా కూర్చుంది.

"ఏం లెక్కవేశారో చెప్పండి."

చెప్పాడు. వేళ్ళ మీద చెప్పాడు, మడిచి, విప్పి. బయట చేరిన రోజు, అక్కణ్ణుంచి రెండు వారాలు, కట్టరు పళ్ళు విరిగిన వారం. ఆమె అడ్డు రాకుండా అంతా వింది.

"అయితే ఎవరిదంటారు?"

చమురన్న చూపు పడకగది పరదా మీదికి పోయింది. అదీ ఒక జవాబే. ఆమెకు చేరింది.

"రేపు స్కానింగుకి రమ్మన్నారు. మీరూ రండి," అని లోపలికి వెళ్ళింది.

*

స్కానింగు గది చీకటిగా, చల్లగా ఉంది. డాక్టరమ్మ తెర మీద చూస్తూ చాలాసేపు కొలతలు తీసింది. చమురన్న నిలబడే ఉన్నాడు. తెర మీద బూడిద రంగు మబ్బులో బియ్యపుగింజంత చుక్క, ఆ చుక్కలో ఇంకేదో మినుకుమినుకుమంటోంది.

"గుండె బాగా కొట్టుకుంటోంది," అంది డాక్టరమ్మ. "కాకపోతే తేదీ ప్రకారం ఉండాల్సిన దానికంటే బిడ్డ వారం పైన చిన్నది."

"చిన్నదంటే?" అన్నాడు చమురన్న. 

"కంగారేం లేదు, ఎదుగుదల లోపం కాదు. కడుపు ఆలస్యంగా వచ్చింది, అంతే." ఆమె వైపు తిరిగింది. "ఆ నెల ఒంట్లో ఏమైనా బాగాలేదా అమ్మా?"

"జ్వరమొచ్చిందండీ. వారం పైనే మంచం దిగలేదు."

"అదీ సంగతి. గట్టి జ్వరమొస్తే అండం విడుదల కావడం వెనక్కి జరుగుతుంది. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. అండం విడుదలయ్యాక నెల రావడానికి పట్టే కాలం పెద్దగా మారదు. విడుదలకు ముందు కాలమే సాగుతుంది. రెండు వారాలనేది సుమారు మాటే గాని శిలాశాసనం కాదు."

"అయితే... ఏ రోజుల్లో అయి ఉంటుందండీ?"

డాక్టరమ్మ బల్ల మీదున్న అట్ట చక్రం తిప్పి చూసి, సుమారుగా ఫలానా వారం అని చెప్పింది. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చంది.

అతను ఇంట్లో ఉన్న రెండో వారం అది.

అప్పుడు గుర్తొచ్చింది చమురన్నకు. వాన పడుతున్న మధ్యాహ్నం. జ్వరం తగ్గాక ఆమె కాస్త తేరుకుని తలస్నానం చేసింది. తువ్వాలుతో అతనే జుట్టు తుడిచాడు. "ఇవాళ పంట రోజు కాదు, తెలుసా?" అంది. "తెలుసు," అన్నాడు. "మరి?" "మరేం లేదు. ఊరికే." ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఏడాదిగా వాళ్ళు ఒకరినొకరు ముట్టుకున్నది లెక్క చూసుకునే, ఆ దొరకని రోజులకు దగ్గరగా ఉందా దూరంగా ఉందా అని చూసుకునే. ఆ ఒక్క మధ్యాహ్నం లెక్క లేదు. లెక్కలో లేదు కాబట్టే డ్రెడ్జరు మీద ఎన్నిసార్లు వేళ్ళు మడిచినా ఆ రోజు అతని వేలికి తగల్లేదు.

ఆమె వైపు చూశాడు. ఆమె తెరనే చూస్తోంది.

బస్సులో చమురన్న నోటికి అడ్డూ ఆపూ లేదు. బుద్ధి గడ్డి తిందన్నాడు. పంచాంగం లెక్క మొదలుపెట్టకపోతే తనకు ఆ ఆలోచనే వచ్చేది కాదన్నాడు. రేపే వెళ్ళి బాబాయి కాళ్ళ మీద పడతానన్నాడు. షాపులో అందరి ముందూ చెంపలు వేసుకుంటానన్నాడు. ఆమె కిటికీ పక్కన కూర్చుని బయటకు చూస్తోంది. ఇంటికి వచ్చి తలుపు తీశాక మాట్లాడింది.

"డాక్టరమ్మ చెబితే నమ్మావు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

"నీకు కోపంగా ఉంటుంది, నాకు తెలుసు. నువ్వు చెప్పినా నమ్మేవాణ్ణే. నువ్వేమీ చెప్పలేదు కదా."

"నన్ను అడగలేదు నువ్వు. కిటికీని అడిగావు. బాబాయిని అడిగావు. నన్ను అడగలేదు."

"తప్పే అన్నాను కదా."

"నాకు ఆ జ్వరం రాకుండా ఉంటే?" అంది ఆమె, నెమ్మదిగా, నిజంగా తెలుసుకోవాలన్నట్టు. "జ్వరం కాకుండా ఇంకే కారణానికో, ఎవరికీ కనపడని కారణానికి ఆలస్యమై ఉంటే? రెండు రోజులే తేడా ఉండి, ఆ మిషను ఏదీ తేల్చి చెప్పలేకపోయి ఉంటే? అప్పుడు నేనేమయ్యేదాన్ని?"

చమురన్న నోరు తెరిచాడు. చెప్పడానికి ఏదో ఉండాలి. వెతికాడు. ఆమె చాలాసేపే ఎదురుచూసింది, అతనికి కావలసినంత సమయం ఇచ్చింది. తర్వాత లేచి పొయ్యి వెలిగించింది.

అతను డ్యూటీకి వెళ్ళిన మర్నాడు ఆమె అక్క వచ్చింది. ఒంట్లో నీరసంగా ఉంది, కొన్నాళ్ళు అక్క దగ్గరుంటానని ఆమె ఫోన్లో చెబితే మంచిదే అన్నాడు. డ్యూటీ దిగి తిన్నగా ఆ ఊరు వెళ్ళాడు. "పడుకుంది మరిదీ," అంది వదిన, తలుపు సగమే తీసి. పండ్లు అందించి వచ్చాడు. తర్వాతిసారి లోపల కూర్చోనిచ్చారు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది, బాగున్నారా అని అడిగింది. మళ్ళీ మీరు అనే అంది. రమ్మని అడిగితే, నా ఒళ్ళు మీ లెక్కకు ఎప్పుడు తప్పుతుందోనని చూసుకుంటూ బతకలేనండీ అంది. ఏడవలేదు, తిట్టలేదు. వానలు వెళ్ళాక సరంగు అన్న మాట ప్రకారం డ్యూటీ మార్చాడు. ఆడపిల్ల పుట్టినప్పుడు అతను ఒడ్డునే ఉన్నాడు. ఆసుపత్రిలో ఎత్తుకున్నాడు. పిల్ల సెలవులకు అతని దగ్గరకు వస్తుంది, పోతుంది.

చమురన్న భార్య అక్క ఊరికి వెళ్ళింది ఆ వానాకాలంలో ఒక మంగళవారం పొద్దున. ఆమె మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.